గడపకు అడ్డంగా

బస్తర్ రాజుల ఏలుబడిలో సంగతి. భోపాల్‌పట్నం దగ్గర ఇంద్రావతి రేవులో, వాన తగ్గేదాకా పడవ లేదన్నారు. రేవు పాక గుమ్మానికి అడ్డంగా, వానకు ఆగిన ఒక ముసలామె పడుకుని ఉంది. "పడుకోవడానికి ఇదే దొరికిందా?" అని విసుక్కుంటూ ఆమె మీదుగా దాటాను. నా తడి పంచె ఆమె ముఖానికి తగిలింది.

ఆమె లేచి కూర్చుంది. "ఇంటికాడ అలవాటైంది బిడ్డా. వానకు కొట్టుకపోతదని మిరపనారు ఇంట్లనే పోస్తం. తలుపేస్తే చెమ్మకు కుళ్లుతది, తీస్తే మేకలు మేస్తయ్. అందుకే తలుపు తీసి, వానకాలమంత గడపల నేనే పండుకుంట."

"నీ మీద జల్లు పడదా?"

"నారు మీద పడదు గద," అని నవ్వింది.

పడవ రాగానే, నేను లేవకముందే కాళ్లు ముడుచుకుని నాకు దారి ఇచ్చింది. తల వంచుకుని వచ్చేశాను. ఇప్పటికీ ఏ గడప దాటబోయినా ముందు కిందికి చూస్తాను.