కడిగిన కొత్తిమీర

మా వంటక్క పోయిందని ఆళ్లగడ్డ నుంచి ఆమె కూతురు కార్డు రాసింది. నంద్యాలలో ముసలివాళ్ల ఆశ్రమంలో నేను నర్సును, ఆమె వంటమనిషి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మొదలుకొని నాలుగేళ్లు కలిసి పనిచేశాం. కార్డు చదివి ఏడ్చాను. ఆమె ఉండి ఉంటే, "నీకేం పన్లేదా నర్సమ్మా?" అని కసిరేది.

ఒక ఏడు మా ముసలివాళ్లలో నలుగురైదుగురికి కడుపులో ఏలికపాములు పడ్డాయి. పచ్చిగా తినే ఆకుల మీది మట్టి వల్లే అన్నాడు డాక్టరు. ఇక వంటక్క ఊరుకుంటుందా? మాకు ఆకు వచ్చే తోటకు తనే నడిచిపోయి చూసొచ్చింది. ఊరి మురుగు కాలువ నీళ్లు మడుల్లోకి పారుతున్నాయట. "ఆ తోట ఆకు మన గడప తొక్కగూడదు" అని, బావినీళ్లు పారే తోట వెతికి పట్టుకుంది. అక్కడి ఆకునైనా నమ్మిందా అంటే, లేదు. ముందు తన చేతులు సబ్బుతో రుద్దుకునేది. తర్వాత కట్టల వేర్లు కోసేసి, ఆకును మూడుసార్లు నీళ్లు మార్చి కడిగి, మరిగే నీళ్లలో ముంచి తీసేది.

"ఇంత చాదస్తం ఏందక్కా?" అన్నానొకసారి.

"వాళ్లకు కండ్లు ఆనవు. మన కండ్లతోనే వాళ్లు తింటాండేది."

అందరికంటే ఎక్కువ చిక్కిపోయింది ఒక అవ్వ. కొత్తిమీర పచ్చడి ఉంటేనే నాలుగు ముద్దలు తినేది. తిన్నాక ఏలికపాముల మందు నా చేత్తో ఇస్తేనే మింగేది. ఒకనాడు సాయం చేద్దామని, వంటక్క శుభ్రం చేసి పెట్టిన కొత్తిమీరను తీసి, అది తోట నుంచి వచ్చిన బుట్టలోనే వేశాను. బుట్టంతా మట్టి. వంటక్క చూసి, మొత్తం పెంటలో పారేసింది. ఆ పూటకు వేరే కట్ట లేదు.

అవ్వ కంచం తోసేసింది. "పచ్చడి యాడ?"

వంటక్క ముందుకొచ్చి, "నేనే పాడు చేసినాలే అవ్వా" అంది. అవ్వ ఆమె ఏడు తరాలనూ తిట్టిపోసింది. వంటక్క తల వంచుకుని అన్నీ విని, చారన్నం మెత్తగా పిసికి, బతిమాలి తినిపించింది.

వంటింట్లో నిలదీశాను. "తప్పు నాదైతే నువ్వెందుకక్కా తిట్లు తిన్నావ్?"

"నన్ను తిట్టినా కూడు మానదు. నీ మీద నమ్మకం పోతే మందు ఎవురి చేత మింగుతాది?"

నాకు సిగ్గేసింది. ఆమెను కావిలించుకోవాలనిపించింది. మందు గ్లాసు పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ గుటుక్కున మింగి, మూతి తుడుచుకుని, "నువ్వు మంచిదానివమ్మా. ఆ వంటదానికే బుద్ధి లేదు" అని గట్టిగా అంది.

వంటింట్లో నుంచి వంటక్క "ఊఁ" కొట్టింది.