దీవెన మిస్డ్ కాల్

మిర్యాలగూడలో మా ఆడపిల్లల గురుకులానికి గేటు కాసేది శాంతకుమారి. మనిషి మంచిదే గానీ, ఎవరి సంగతైనా సగం తెలిస్తే ఆమెకు అన్నం అరగదు. పిల్లల్ని చూడటానికి వచ్చినవాళ్లను ఊరు, పంట, కోడలి గుణం దాకా అడిగి గానీ లోపలికి పంపదు. "అడుగుడు గూడ నా డ్యూటీనే గద టీచరమ్మా" అంటుంది.

పిల్లల దగ్గర సెల్‌ఫోన్ కనిపిస్తే మా ప్రిన్సిపాల్ మేడమ్ ఊరుకోదు. ఈ నియమం మంచిదా చెడ్డదా అని మేం టీచర్లం స్టాఫ్ రూంలో తెగ వాదించుకుంటాం, ఒక కన్ను మా ఫోన్ల మీదే పెట్టుకుని. పిల్లలకు మాత్రం గేటు పక్క గదిలో గోడకు బిగించిన ఫోన్ ఒకటుంది. ఆదివారం వరుసలో నిలబడి ఇంటికి మాట్లాడుకోవచ్చు. ఆ వరుసను నడిపేదీ, ఆ మాటలన్నీ చెవిన వేసుకునేదీ శాంతకుమారే.

ఏడో తరగతి దీవెన దగ్గర మాత్రం ఆమె పప్పులు ఉడకలేదు. ఆ పిల్ల నంబరు నొక్కుతుంది. అవతల ఎవరూ ఎత్తకముందే పెట్టేసి, నవ్వుకుంటూ వెళ్లిపోతుంది.

"ఏందే పిల్లా, మాట్లాడకుంటనే పెట్టేస్తవ్? ఎవలకు చేస్తున్నవ్?"

"మా అమ్మకే ఆయమ్మా. మాట్లాడిన."

మాట్లాడిందట! శాంతకుమారికి కడుపు ఉబ్బిపోయింది. అమ్మ మీద అలిగిందా? అసలు అది అమ్మ నంబరేనా? రోజులు బాగాలేవు, ఆడపిల్ల. ఆ భయం కూడా ఉత్తది కాదు. ఒక ఆదివారం ఉదయం దీవెన అటు వెళ్లగానే ఇటు రీడయల్ నొక్కింది. చాలాసేపు రింగయింది. ఎవరూ ఎత్తలేదు. విసుక్కుని పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నాల వేళ గేటు ముందు ఆటో ఆగింది. మోకాళ్ల దాకా బురదతో ఒకామె దిగి గేటు పట్టుకుని ఊపేస్తోంది. ఎవరమ్మా, ఏ ఊరమ్మా అంటే మాట లేదు. గొంతులోంచి ఏదో అరుపు, గాల్లో చేతులు. ఆ అరుపుకి మేడమూ నేనూ బయటికొచ్చాం. మా వెనకే దీవెన పరుగెత్తుకొచ్చింది. గేటు తీయగానే ఆమె పిల్ల నుదురు, మెడ, చేతులు తడిమి తడిమి చూసింది.

అప్పుడు చెప్పింది దీవెన. వాళ్లమ్మ యాదమ్మకు పుట్టుకతో చెవుడు, మాట రాదు. పాలకీడులో నాట్లకు పోతుంది. రొంటిన దోపుకున్న ఫోన్ ఒకసారి అదిరితే బిడ్డ బాగుందని. వెంటనే మళ్లీ అదిరితే రమ్మని. పిల్లను చేర్చింది మేనమామ కాబట్టి ఈ సంగతి మాకు తెలియదు. తోటి పిల్లలు వెక్కిరిస్తారని దీవెన ఎవరికీ చెప్పలేదు.

"నేను ఒక్కసారే చేసిన. రెండోసారి ఎవలు చేసిండ్రు?" అంది దీవెన.

"నేనే బిడ్డా. నా పాడుబుద్ధి" అని శాంతకుమారి బావురుమంది.

మేడమ్ తన సెల్‌ఫోన్ తీసింది. "ఇకనుంచి ఆదివారాలు దీంట్లో వీడియో కాల్ చేసుకో. ఇద్దరూ చేతులతో మాట్లాడుకోండి" అంది. మా మేడమ్ నోట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు.

"అమ్మది బటన్ల ఫోన్ మేడమ్. అండ్ల మనిషి కనపడది" అంది దీవెన.

యాదమ్మ శాంతకుమారి వైపు తిరిగి చేతులాడించింది.

"ఏమంటున్నదే మీయమ్మ? తిడుతున్నదా?"

"లేదాయమ్మా. ఊకెనే నన్ను చూడనీకి పని ఇడిసి రానియ్యరంట. రెండుసార్లు మోగిందంటే నాట్లోళ్లు గూడ ఉరుకు, ఉరుకు అని పంపుతరంట" అని దీవెన తల్లి చేతుల వైపే చూస్తూ ఆగింది. "అప్పుడప్పుడు గిట్లనే నిన్ను తప్పు చెయ్యమంటున్నది."