బాపు గొంతు నేర్చిన చిలుక

మొన్న పొద్దున ఛాయ్ గ్లాసు పట్టుకుని పెరటి గడప మీద కూర్చున్నాను. జామచెట్టు కొమ్మకు మా మనుమరాలు కట్టిపోయిన గింజల డబ్బా చుట్టూ పిచ్చుకలు ఎప్పటిలాగే కొట్లాడుకుంటుంటే, గోడ మీది నుంచి ఒక రామచిలుక దబ్బున వచ్చి వాటి నడుమ వాలింది. కాలికి ఇత్తడి కడియం ఉంది, రెక్క ఒకవైపు కత్తిరించినట్టు మొండిగా ఉంది. అది నిక్కి నిలబడి, అచ్చం మగవాడి గొంతుతో, "నోర్ముయ్యవే!" అని అరిచింది. పిచ్చుకలు లేచిపోయాయి. నా చేతిలోని ఛాయ్ ఒలికి చీర మీద పడింది, కాలిన సంగతి కూడా నాకు కాసేపటికి గాని తెలియలేదు. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు, చిలుక నోట దాన్ని వినడమూ కొత్త కాదు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బాన్సువాడలో వాడకొక చిలుకైనా ఉండేది. మా చిలుకను బాపు బిచ్కుంద అంగడిలో కొనుక్కొచ్చాడు. అమ్మ వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చేసేది, పంజరం సరిగ్గా ఆమె తల మీది దూలానికి వేలాడేది, తునికాకు కత్తిరించే కత్తెరతోనే బాపు దాని రెక్కలూ కత్తిరించేవాడు. దానితో రామ రామ అనిపించాలని ఆయనకు మహా కోరికగా ఉండేది. మిరపకాయ చూపించాడు, జామముక్క చూపించాడు, అది నేర్చుకోలేదు. ఎవరూ నేర్పనిది నేర్చుకుంది. అమ్మ ఏదైనా అనబోతే బాపు ఏమనేవాడో అదే మాట, ఆయన గొంతులోనే, పొల్లుపోకుండా పట్టేసింది.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ మాటకు కాదు, నవ్వుకు. కూర ఏం వండమంటారని అమ్మ అడగబోతే చాలు, పైనుంచి చిలుక కసిరేది, ఇల్లంతా విరగబడి నవ్వేది. చుట్టాలొస్తే బాపు పనిగట్టుకుని అమ్మను మాట్లాడించేవాడు, అది అరిచేదాకా వదిలేవాడు కాదు. మా మేనమామ, అమ్మకు సొంత తోడబుట్టినవాడు, ఆయన కూడా కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడండీ. సిగ్గుండాలి! అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, ఆమే నవ్వుతోందని అందరూ అనుకునేవారు. గింజలు వేసిందీ, నీళ్లు మార్చిందీ, పంజరం కడిగిందీ అమ్మే అయినా, అన్నేళ్లలో అమ్మ మాట ఒక్కటంటే ఒక్కటి ఆ చిలుకకు రాలేదు. వినబడితే కదా నేర్చుకునేది.

ఆ తర్వాత బాపు పోయాడు. దినాలైపోయాక, చుట్టాలింకా ఇంట్లో ఉండగానే, డోంగ్లిలో ఉన్న తన అక్క దగ్గర కొన్నాళ్లు ఉండి వస్తానని అమ్మ మా అన్నయ్యతో చెప్పబోయింది. ఆమె నోట్లోంచి సగం మాట వచ్చిందో లేదో, పంజరంలోంచి బాపు గొంతు "నోర్ముయ్యవే!" అన్నది. ఇల్లంతా గొల్లుమంది. మా మేనత్త పంజరానికి దండం పెట్టి, "అన్న యాడికీ పోలే, గీ ఇంట్లనే ఉన్నడు" అని ఏడ్చింది. అమ్మ అక్కడే ఆగిపోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, డోంగ్లికి పోలేదు, ఆ అక్కను చివరి చూపైనా చూసుకోలేదు.

చిలుకను వదిలేద్దామని నేనంటే, బాపు గొంతును ఇంట్లోంచి తరిమేస్తావా అని మా అన్నయ్య నా మీదికి కొట్టవచ్చినంత పని చేశాడు. అది ఇంకా ఏళ్ల తరబడి బతికింది. మనిషి కాటికి పోయాడు, ఆయన హుకుం మాత్రం దూలానికి వేలాడుతూ, అమ్మ చేతి మిరపకాయలే తింటూ దర్జాగా బతికింది. నేనెవరిని తిట్టను, చెప్పండి? చిలుకనా?

అందుకే మొన్న ఆ అరుపు వినగానే నా రక్తం ఉడికిపోయింది. అది ఎవరింటిదో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మా వెనక గల్లీలో కిరాయికుండే ఎరువుల దుకాణం అతను ఖాళీ పంజరం పట్టుకుని వచ్చాడు, పంజరం తలుపు సరిగ్గా వెయ్యలేదని వెనకాలే వస్తున్న భార్యను దారి పొడుగునా తిడుతూనే వచ్చాడు. ఆ అమ్మాయి రోజూ నల్లా దగ్గర కనబడుతుంది గాని, ఆమె గొంతెలా ఉంటుందో మాకెవరికీ తెలియదు. చుట్టుపక్కల ఆడవాళ్లు గోడల మీది నుంచి తొంగి చూస్తున్నారు.

ఇది నీ చిలుకేనని ఏం నమ్మకమని నేను కావాలనే అడిగాను. అతడు ఛాతీ విరుచుకుని, "మాట్లాడ్తది పెద్దమ్మా, అచ్చం నా గొంతే, ఇన్నవంటే నువ్వే ఒప్పుకుంటవ్" అన్నాడు. ఆ గర్వం చూడండి! అతడి గొంతు చెవిన పడగానే చిలుక డబ్బా మీద నుంచి ఆ ఒక్క మాటా అరిచింది. గోడల మీది ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. అతడూ నవ్వాడు. నాకు మా మేనమామ మొహం కళ్లముందు కనబడింది. నవ్వకండని అరిచాను, ఈ వయసులో నాకంత గొంతుందని నాకే తెలియదు. "ఎవల నోరు ముయ్యిస్తే నేర్చిందిరా ఇది, పిచ్చుకలదా?" అని అడిగాను. అతడు భార్య వైపు తిరిగి, "నీ చేతికస్తది గదా, పట్టు, జల్ది" అన్నాడు.

ఆమె గనక దాన్ని పట్టిచ్చిందంటే అది మళ్లీ ఆమె తల మీదే వేలాడుతుంది, అతడున్నా లేకపోయినా.

ఆమె చెట్టు కిందికి వచ్చి చేయి చాపింది. చిలుక దిగి మణికట్టు మీద కూర్చుంది. దాన్ని బుజ్జగించబోయిందో ఏమో, ఆమె పెదవులు కదిలాయి. అంతే, అలవాటు కొద్దీ అది ఆమె మొహం మీదికే అరిచింది, "నోర్ముయ్యవే!"

"నువ్వు ముయ్యిరా!" అన్నది ఆమె.

చిలుకను చూస్తూనే అన్నది. పంజరం పట్టుకున్న అతడి చేయి మాత్రం కిందికి దిగిపోయింది. ఆమె చేతిని పైకి విదిలించింది, చిలుక గోడ దాటి, వంకరగా ఎగురుతూ, కాలువ గట్టు చెట్ల వైపు పోయింది. ఆ రెక్కతో అది ఎన్నాళ్లు బతుకుతుందో నాకు తెలియదు. అతడు నన్నూ, మా గోడనూ, జామచెట్టునూ తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆమెను నేను పంపలేదు, లోపలికి పిలిచి అన్నం పెట్టాను. మొదట మెతుకులు కెలికింది, ఆ తర్వాత మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపకుండా మాట్లాడింది. ఆమె గొంతు కొంచెం బొంగురుగా, బాగుంటుంది.

రోజులు మారాయంటారు. కొంచెం మారాయేమో, ఆ అమ్మాయి ఆ మాట అనగలిగింది, నేనామెకు తలుపు తీయగలిగాను. కానీ గోడల మీద నవ్వు మాత్రం అప్పటిదే. ఆమె వెళ్లిపోయినప్పటి నుంచి మా అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. బాపుది వినబడుతోంది, చిలుకదీ వినబడుతోంది. అమ్మది ఎంత వెతికినా దొరకడం లేదు.