లచ్చవ్వ గిలిగిచ్చ

1961 సద్దుల బతుకమ్మ నాటికి నేను ఖానాపూర్ చుట్టుపక్కల అడవుల్లో మొక్కలు సేకరిస్తున్నాను. హైదరాబాదులోని మా హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అంటించి దాచే చోటు, నన్ను టెంపరరీగా పెట్టుకుంది. ఒక్క కొత్త మొక్క దొరికితే పర్మనెంటు కాకపోతానా అని నా ఆశ.

ఆ సాయంత్రం ఊళ్లో ఒక బతుకమ్మ మీద, తంగేడు, గునుగు వరసల మధ్య ఊదా పువ్వులు కనిపించాయి. ఎండిన కాయ గలగలలాడే గిలిగిచ్చ జాతివే, కానీ నేనెరిగిన ఏ గిలిగిచ్చా కాదు. ఒళ్లు మరిచి చెయ్యి పెట్టాను. బతుకమ్మ పేర్చినామె ఆ చేతి మీద ఒక్కటేసింది.

"పేర్చినంక తీయొద్దు సారు. గంత కావాల్నంటే రేపు పొద్దుగాల రా, గుట్ట చూపిస్త."

ఊరంతా ఆమెను మల్లయ్య అవ్వ, అంటే మల్లయ్య తల్లి, అంటారు. మర్నాడు గుట్టకు తీసుకెళ్లింది. తీరా చూస్తే మొక్కలన్నీ బోడిగా ఉన్నాయి, పువ్వులన్నీ బతుకమ్మలకే పోయాయి. నా ప్రాణం ఉసూరుమంది. కొత్త జాతి అని తేల్చాలంటే పువ్వు చాలదు, కాయ కూడా కావాలి. పువ్వే లేకపోతే కాయెక్కడిది?

"పరేషాన్ గాకు" అంటూ ఆమె ఒక ముళ్లకంప పక్కకు జరిపింది. లోపల నాలుగు మొక్కలు విరగబూసి ఉన్నాయి. "గివి తెంపం. అన్ని తెంపితె వచ్చే ఏడు పువ్వు ఏడికెల్లొస్తది? ఒక్క కొమ్మ తీస్కపో. కార్తీకం దాటినంక రా, కాయలుంటయ్. మేకలు రాకుండ నేను చూస్త."

చెప్పినట్టే చూసింది. నేను వెళ్లేసరికి కాయలు ఎండి గలగలమంటున్నాయి. దీని దగ్గరి జాతి కాయకు నూగుంటుంది, ఇది నున్నగా ఉంది. హైదరాబాదులో మా ఆఫీసరు లెన్సులో చాలాసేపు చూసి, కాయను చెవి దగ్గర ఆడించి నవ్వారు.

"కొత్తదేనయ్యా. నీ పేరు పెట్టనా?"

మనసు లాగింది, అబద్ధమెందుకు. అయినా, "కాపాడినామె పేరు పెట్టండి సార్" అన్నాను.

"ఏమిటామె పేరు?"

నాకు తెలియదు. లేబులు మీద మల్లయ్య అవ్వ అని మాత్రమే రాశాను. సిగ్గేసి మళ్లీ బస్సెక్కాను.

వెళ్లి ఆమెను పేరు అడిగాను. "నా పేరెందుకు సారు? మా ఇంటాయన గూడ పేరు పెట్టి పిలువడు. మల్లిగాడు పుట్టినసంది గా పేరు యాదిజేసినోళ్లే లేరు." తర్వాత నవ్వింది. "లచ్చవ్వ. మా బాపు పెట్టిండు."

ఆ పేరు లాటిన్ తోక తగిలించుకుని అచ్చయింది. నా ఉద్యోగమూ పర్మనెంటయింది. రెండేళ్ల తర్వాత సద్దులనాడు ఆ అచ్చు కాగితం తీసుకెళ్లి ఇస్తే ఆమె వాడకట్టంతా తిప్పింది. సాయంత్రం బతుకమ్మ దగ్గర ఆడవాళ్లంతా "లచ్చవ్వా, ఓ లచ్చవ్వా" అని పిలుస్తుంటే పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు.

అప్పట్నుంచి ఎక్కడ మొక్క కోసినా, దారి చూపినవారి పేరు అడిగి లేబులు మీద రాశాకే కత్తెర తీస్తాను.