శాంతకుమారి కొన్న వీసీఆర్

శాంతకుమారి భవానీపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. రిబ్బను ఇరుక్కున్నా, అక్షరం విరిగినా మెకానిక్కు కోసం ఆగకుండా తనే విప్పి సరిచేసుకునే మనిషి. అందుకే పంతొమ్మిది వందల ఎనభై ఆరు వేసవిలో ఎదురింటి రాజ్యలక్ష్మి అన్న మాట ఆమెకు అంతలా గుచ్చుకుంది.

ఆ వీధిలో మొదటి వీసీఆర్ రాజ్యలక్ష్మి వాళ్ళదే. ఆవిడ తమ్ముడు సింగపూరు నుంచి తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం సినిమా అంటే వీధంతా వాళ్ళ హాల్లో చాపల మీద చేరేది. ఒక ఆదివారం సినిమా సగంలో ఉండగా మిషను కిర్రుమని ఆగి, లోపలి టేపుని నమిలేసింది. దాని పక్కనే కూర్చున్నది శాంతకుమారి కూతురు, ఏడేళ్ళ సింధూరి. రాజ్యలక్ష్మి ఆ పిల్ల రెక్క పట్టుకుని లేపి, అందరూ వింటుండగా అంది:

"వస్తువు మొహం ఎరగని వాళ్ళని ఇంట్లోకి రానిస్తే ఇంతే."

తాను ముట్టుకోలేదని సింధూరి ఏడ్చింది. శాంతకుమారి పిల్లని తీసుకుని ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఎదురింటి గడప తొక్కలేదు.

వీసీఆర్ కొంటానని ఆమె అన్నప్పుడు భర్త వెంకటకృష్ణారావు ముందు ఫ్రిజ్ కొనుక్కుందామన్నాడు. ఆమె వినలేదు. బీసెంట్ రోడ్డులో షాపులన్నీ తిరిగింది. చివరికి ఒక వీడియో లైబ్రరీ అతను అసలు సంగతి చెప్పాడు. క్యాసెట్లు రెండు రకాలట. చిన్నవి బీటా, పెద్దవి వీహెచ్‌ఎస్. ఒకదాని మిషన్లో ఇంకొకటి పట్టదు. బొమ్మ బీటాలోనే బావుంటుంది గానీ, అడిగేవాళ్ళు లేక తను ఆ క్యాసెట్లు తెప్పించడం మానేస్తున్నాడు. ఎదురింట్లో ఉన్నది బీటాయే. శాంతకుమారికి ఆ మాట తియ్యగా వినిపించింది.

ఆమె వీహెచ్‌ఎస్ కొంది. ఉత్త ప్లేయరు చాలని షాపువాళ్ళు చెప్పినా, రికార్డు చేసేదే కావాలని పట్టుబట్టింది. మూత తీయించి లోపల ఏది ఎలా తిరుగుతుందో చూసి, టేపు చదివే హెడ్ తుడవడం నేర్చుకుని మరీ ఇంటికి తెచ్చుకుంది. రెండు నెలలు తిరక్కుండా వీధంతా ఆదివారాలు ఆమె ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఎదురింటివాళ్ళని మాత్రం పిలవలేదు.

ఎనభై ఎనిమిదిలో రాజ్యలక్ష్మి కూతురు సుస్మిత పెళ్ళయింది. వీడియో తీసినతను పెళ్ళంతా వీహెచ్‌ఎస్ క్యాసెట్టులో ఇచ్చాడు. అది చూడడానికి గన్నవరం నుంచి వియ్యాలవారు వచ్చి కూర్చున్న రోజున క్యాసెట్టు వాళ్ళ బీటా మిషన్లో పట్టలేదు. రాజ్యలక్ష్మి దాన్ని చేత్తో పట్టుకుని, రెండేళ్ళలో మొదటిసారి రోడ్డు దాటి వచ్చింది.

"కాస్త ఇది వేసి పెట్టండి శాంతకుమారిగారూ" అంది.

"దానికేముందండీ. వాళ్ళని కూడా పిలుచుకు రండి అక్కయ్యగారూ."

వియ్యాలవారు కుర్చీల్లో సర్దుకున్నాక శాంతకుమారి క్యాసెట్టు పట్టుకుని మిషనుకి అడ్డంగా నిలబడింది.

"ఆవేళ మీ మిషను పాడుచేసింది మా సింధూరి కాదని వీళ్ళ ముందు ఒక్క మాట చెప్పండి. వేస్తాను."

వెంకటకృష్ణారావు వద్దన్నట్టు చూశాడు. ఆమె అటు తిరగలేదు. వియ్యపురాలు ఏమిటన్నట్టు రాజ్యలక్ష్మి వైపు చూసింది. రాజ్యలక్ష్మి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ పిల్ల కాదు. నేనే తొందరపడి అన్నాను" అంది నేల చూస్తూ.

శాంతకుమారి క్యాసెట్టు వేసింది. పెళ్ళి పూర్తయ్యేవరకూ అందరికీ నవ్వుతూ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. అంత హాయిగా ఆమె ఏనాడూ లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక సింధూరి వంటింట్లోకి వచ్చి తల్లి చీర కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఆరోజు బటన్ నొక్కింది నేనే. కొడతావని చెప్పలేదు."

శాంతకుమారి కడుగుతున్న గ్లాసు కింద పెట్టింది. పిల్లని కొట్టలేదు, కేకలెయ్యలేదు. కుళాయి కట్టేసింది. వెళ్ళి ఆవిడకి చెప్పనా అని సింధూరి అడిగింది.

"వద్దు. నువ్వు నొక్కితే నొక్కావు. పదిమందిలో ఆవిడ ఆ మాట అనకూడదు."

మరుసటి ఏడు రాజ్యలక్ష్మి వాళ్ళు ఇల్లు అమ్మేసి చల్లపల్లి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆవిడ వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చింది. శాంతకుమారి బొట్టు పెట్టి, పండూ తాంబూలమూ ఇచ్చి గేటు దాకా సాగనంపింది. నిజం చెప్పెయ్యడానికి అప్పుడు వీలుంది, పక్కన ఎవరూ లేరు కూడా. చెప్పలేదు. సామాన్ల లారీ మలుపు తిరిగేవరకు సింధూరి వీధిలో నిలబడి ఏడ్చింది. శాంతకుమారి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.