సైరన్ కూసే పల్లెటూరు

మా చిన్నప్పుడు మధ్యాహ్నం సైరన్ కూసి, మగవాళ్ళంతా మళ్ళీ వర్క్‌షాపులోకి వెళ్ళిపోగానే... ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర మా రైల్వే క్వార్టర్ల పెరట్లో ఆడవాళ్ళు బొగ్గుపొడి ముందేసుకుని కూర్చునేవారు. అందులో బంకమట్టి, కాస్త గంజి కలిపి ఉండలు చుట్టి ఎండబెడితే పొయ్యిలోకి పనికొచ్చేవి. బెంగాలీవాళ్ళు వాటిని గుల్ అంటారు. మావాళ్ళూ అదే మాట అనేవారు... ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు అలాగే ఉంటుంది మరి.

అందరి చేతులూ నలుపే. తెలుగు వారపత్రిక ముట్టుకుంటే పాడైపోతుంది. అందుకని సీరియల్ పైకి చదివే ఉద్యోగం నాకిచ్చారు. బళ్ళో నాకు నేర్పింది హిందీ, బెంగాలీ... తెలుగు అక్షరాలు మాత్రం నాన్న స్టేషన్ నుంచి తెచ్చే ఆ వారపత్రిక మీదే కూడబలుక్కున్నాను.

మొన్న ఇక్కడే, నా కథ కింద కామెంట్లలో, ఒకమ్మాయి అడిగింది. "మామ్మగారూ, కథలు రాయడం ఎక్కడ నేర్చుకున్నారు? రాసినవి ఎక్కడికి పంపాలి?" అని. మొదటి ప్రశ్నకి జవాబు ఆ బొగ్గుండల దగ్గరే ఉంది. రెండోదానికి... కాస్త చుట్టు తిరిగి వస్తాను.

ఒక వానాకాలం ఆంధ్రా వైపు పట్టాలు కొట్టుకుపోయి పత్రిక రాలేదు. పక్క క్వార్టరు నర్సమ్మత్త ఊరుకోలేదు. ఆవిడకి అక్షరం ముక్క రాదు, కథ లేకపోతే ముద్ద దిగదు.

"ఒలే గుంటా, కతేదే?"

"పత్రిక రాలేదత్తా."

"రాపోతే ఏటి? ఆ పిల్ల నూతికాడ నిలబడి ఏడస్తంది కదే! వానలు తగ్గేదాకా తడుస్తాదేటి? నువ్వే సెప్పు, తరవాత ఏటయినాదో!"

చెప్పాను. తడుముకుంటూ, అత్త మొహం చూసుకుంటూ... మొహం ముడుచుకుంటే కథ మలుపు తిప్పేదాన్ని. తరువాత అసలు పత్రిక వచ్చింది. చదివి వినిపిస్తే అత్త పెదవి విరిచింది. "ఈడికి రాయడం రాదే. నీదే బాగున్నాది."

నన్ను పాడుచేసింది ఆ ఒక్క మాటే.

ఇక కాగితాలు పట్టాను. పత్రికలో కథలన్నీ గోదావరి ఒడ్డున జరిగేవి... నేనూ అక్కడికే వెళ్ళాను, కూర్చున్న చోటు నుంచి లేవకుండా. కొబ్బరితోటలు, పడవలు, కాలవగట్టు. నేను చూసిన నీళ్ళల్లా మా కాలనీ కుళాయివే అనుకోండి. అయినా ధైర్యంగా రాసి, తిరుగు కవరు కూడా పెట్టి పంపాను.

కథ తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో సంపాదకుడి ప్రశ్న... "గోదావరి పల్లెలో సైరన్ ఏమిటమ్మా?"

నిజమే! నా కథానాయిక పొద్దున్నే సైరన్ కూయగానే బిందె పట్టుకుని కాలవకి బయల్దేరింది. సైరన్ లేకుండా తెల్లవారుతుందని నాకు తెలిస్తేగా!

ఏడుస్తూ చెబితే నర్సమ్మత్త ఉండ చుట్టడం ఆపేసింది. "ఆ ఊళ్ళో సైరన్ ఉండదేటి? మరి పొయ్యి ఎప్పుడు ముట్టిస్తారే?"

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. మావయ్యకి రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చేసి, పెళ్ళయిన కొత్తలో వదిలి వచ్చిన పలాస పక్క పల్లెకి వెళ్ళిపోవాలి. అక్కడా సైరన్ లేదు.

మళ్ళీ బొగ్గుపొడి గుప్పిట్లోకి తీసుకుంటూ అంది. "నా కత రాయే, గుంటా. నాను ఎల్లేలోపు అచ్చేయించు. ఎవలి సేతైనా సదివించుకుంటాను. ఈ ఊరు నాతో వచ్చినట్టుంటాది."

రాశాను. ఈసారి కాలవల్లేవు. సైరన్ లేని ఊళ్ళో చీకటితో లేచి, పొయ్యి ముందు కూర్చుని, చెవులు రిక్కించే ఒక ముసలామె... అంతే. పత్రికకి పంపి, రోజూ గేటు దగ్గర పోస్టుమాన్ దాదా కోసం కాపు కాశాను. నన్ను చూస్తే పాపం ఆయన సైకిలు దిగకుండానే తల అడ్డంగా ఊపేసేవాడు.

జవాబు రాలేదు. అత్త ప్రయాణం వచ్చేసింది.

మా స్టేషన్ ప్లాట్‌ఫారం పొడుగు గురించి ఊరంతా గొప్పలు చెప్పుకుంటుంది... ఆ రోజు నాకది పొట్టిగా అనిపించింది. కిటికీ ఊచలు పట్టుకుని చిత్తుప్రతి చదవడం మొదలుపెట్టాను. ఆఖరి పేజీ తిప్పేలోపు రైలు కదిలింది. పక్కనే పరుగెత్తాను.

"తరవాత ఏటయినాదే?" అత్త కిటికీలోంచి అరుస్తోంది.

"అచ్చవుతాదత్తా! సదివించుకో!"

అచ్చయింది... చాలా ఆలస్యంగా. వారపత్రికలో కాదు. మా ఊరి గోల్‌బజార్లో బట్టల కొట్టున్న తెలుగాయన ఒకరు ఉగాదికి వేసిన సంచికలో, చీరల ప్రకటనకీ కందిపప్పు ప్రకటనకీ మధ్య. ఒక ప్రతి పలాసకి పంపాను. అందిందో లేదో... ఆఖరి పేజీ ఆవిడకి ఎవరైనా చదివి వినిపించారో లేదో... నాకు ఇప్పటికీ తెలియదు.

కాబట్టి అమ్మాయీ, ముందు నీ కథ వినే మనిషిని వెతుక్కో. తరువాత కందిపప్పు పక్కన చోటు దొరికినా వదులుకోకు.

ఇప్పుడు వేలితో ఒక్క నొక్కు నొక్కితే కథ లోకమంతా పోతోంది. బొటనవేళ్ళు వస్తాయి, పువ్వులు వస్తాయి, "సూపర్ మామ్మగారూ" అని వస్తుంది... సంతోషమే. కానీ సగంలో ఆపి చూశాను ఒకటి రెండుసార్లు. ఎవరూ అడగలేదు.

మీ చిన్నప్పుడు "తరువాత ఏమైంది?" అని మిమ్మల్ని పట్టుకుని వదలని మనిషి ఎవరు? కింద పేరు రాయండి. వాళ్ళ ఊరు పలాస వైపు అయితే... అది కూడా రాయండి.