మా దుకాణం ఐసు

ఊరంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మాటే వినిపించే రోజులవి. మా అమ్మాయి కూడా బెంగళూరులో కొత్తగా చేరింది. మావారికి సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఐసు దుకాణం. ఆయనకు బైపాస్ చేయాలన్నారు. ఆపరేషన్ చేస్తున్నంతసేపు గుండెను ఆపి, దాని కండరం పాడవకుండా చల్లటి మందుతో కాపాడతామని, తర్వాత మళ్లీ కొట్టుకునేలా చేస్తామని డాక్టర్ చెప్పారు.

"ఐసు సంగతి నాకెరుక లేదా? నువ్వు పరేషాన్ గాకు," అని మావారు నవ్వారు.

ఆ గుండె మళ్లీ కొట్టుకోలేదు.

అమ్మాయి వచ్చేదాకా ఆయన్ను ఉంచాలని మరిది మా దుకాణం నుంచే ఐసు దిమ్మలు తెచ్చాడు. నేను అడ్డంగా కూర్చున్నాను.

"ఇంక ఆయన్ను సలిల పెట్టకుండ్రి."

"బిడ్డ నాయిన మొఖం చూడాలె గద వదినా," అన్నాడు ఏడుస్తూ.

లేచి, దిమ్మలకు అంటిన రంపపు పొట్టును ఆయన తుడిచినట్టే చేత్తో తుడిచిచ్చాను. ముప్పై ఏళ్లు మాకు అన్నం పెట్టిన ఐసును మళ్లీ ముట్టుకోలేదు.